దాణాలో చిటికెడు

కోళ్ల దాణాలో మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు బస్తాలకొద్దీ పడతాయి. వాటితోపాటు టన్నుకు కిలో, రెండు కిలోల లెక్కన తూచి కలిపే పొడులుంటాయి. ఫీడ్ యాడిటివ్‌లంటే అవే. వాటి పేరెత్తితే చాలు, ‘మందుల కోడి’ అని ముఖం చిట్లిస్తాం. పెరటి నాటుకోడి ఇవేవీ లేకుండానే బతికింది కదా అంటారు. బతికింది, కానీ అది పెంటకుప్ప కెలికి పురుగుల్నీ చెదల్నీ ఏరుకు తింది. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం దానికి అక్కడే దొరికింది. పంజరంలో ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే కోడికి ఆ కుప్ప లేదు, సోయాలోనేమో మిథియోనిన్ తక్కువ. చిటికెడు కలపకపోతే ఈక సరిగా రాదు, గుడ్డు చిన్నదవుతుంది. భాస్వరం సంగతీ అంతే. గింజల్లో ఉన్నా, చాలావరకు ఫైటేట్‌గా ముడిపడి ఉంటుంది. ఫైటేజ్ ఎంజైమ్ కలిపితే ఆ ముడి వీడుతుంది. రెట్టతో భాస్వరం వృథాగా పోయి చెరువుల్లో నాచు పెంచడమూ తగ్గుతుంది. (పచ్చసొన రంగు కోసం కలిపే బంతిపూల సారం మాత్రం మన కంటికే మేత.) మన ఉప్పులో అయోడిన్ చేసేదీ లోటు పూడ్చే పనే. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు పంచితే, అది తిన్న ఊళ్లలో గొంతు కింద కాయలు తగ్గుముఖం పట్టాయి.

కాబట్టి కలపడం తప్పు కాదు. లోటు పూడ్చడానికి కలుపుతున్నామా, లోపం కప్పడానికి కలుపుతున్నామా అన్నదే తగాదా. యాంటీబయాటిక్‌లది రెండో దారి. 1950 ప్రాంతంలో అమెరికాలో జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు బి12 విటమిన్ కోసం వెతుకుతూ, క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిన పిప్పి కోడిపిల్లలకు పెడితే అవి జోరుగా పెరిగాయి. అక్కణ్నుంచి జబ్బు లేకపోయినా మందు మేతలోకి ఎక్కింది. అలా ఎక్కినవాటిలో ఒకటైన కొలిస్టిన్, మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు వాడే యాంటీబయాటిక్. దానికి లొంగని గుణం ఒక బాక్టీరియా నుంచి మరోదానికి పాకుతోందని 2015లో చైనాలో బయటపడింది. మన ప్రభుత్వం 2019 జూలైలో కోళ్లకూ చేపలకూ రొయ్యలకూ పశువులకూ దాన్ని వాడకుండా నిషేధించింది.

మందు మానేస్తే మాంసం ధర పెరుగుతుందన్నది ఫారాల వాళ్ల మాట. కొట్టిపారేయలేం. డెన్మార్క్ 1990ల చివర్లో బరువు కోసం యాంటీబయాటిక్‌లు పెట్టడం మానేసింది. బ్రాయిలర్ కోళ్ల పెంపకానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. పాలు మాన్పించిన పందిపిల్లల్లో మాత్రం విరేచనాలు పెరిగి, కొన్నాళ్లు వైద్యానికి మందు ఎక్కువే వాడాల్సి వచ్చింది. మేతలోని మందు అన్నాళ్లూ దాచిపెట్టింది ఆ పిల్లలకు త్వరగా పాలు మాన్పించడంలోని లోపాన్నే.