రక్షణ పొందాం, మరి పాత అలవాట్లు ఎందుకు పోవట్లేదు? ఎఫెసు సంఘం నేర్పే మూడు పాఠాలు



"అన్నా, రక్షణ పొందాను, బాప్తిస్మం కూడా తీసుకున్నాను. కానీ పాత అలవాట్లు పోవట్లేదు. అసలు నేను రక్షించబడ్డానా?" చాలామంది యువతీయువకుల మనసులో ఉన్న ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరకకపోతే రెండు ప్రమాదాలు ఉన్నాయి. కొందరు "ఇక నా వల్ల కాదు" అని ప్రార్థన మానేస్తారు. ఇంకొందరు "కృప ఉంది కదా, ఏం పర్లేదు" అని పాపంలోనే సెటిల్ అయిపోతారు. రోమా 6వ అధ్యాయంలో పౌలు ఈ రెండో ఆలోచనను గట్టిగా ఖండించాడు.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. పరిశుద్ధత రక్షణకు కట్టే ఫీజు కాదు. ఎఫెసీ 2:8, 9 చదవండి. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా వస్తుంది, మన క్రియల వల్ల కాదు. వెంటనే 10వ వచనం చూడండి. సత్క్రియలు చేయడానికే దేవుడు మనల్ని క్రీస్తులో సృష్టించాడు. ఆర్డర్ గమనించారా? ముందు రక్షణ, తర్వాత క్రియలు. ఈ ఆర్డర్ తిరగేస్తే జీవితమంతా భయమే.

ఇప్పుడు ఆ ఎఫెసు ఊరికే వెళ్దాం. ఈ రోజు టర్కీలో సెల్చుక్ పట్టణం దగ్గర దాని శిథిలాలు ఉన్నాయి. అప్పట్లో అర్తెమిదేవి గుడికీ, మంత్రవిద్యకూ పేరున్న పెద్ద నగరం. పౌలు అక్కడ సుమారు మూడేళ్లు సేవ చేశాడు.

మొదటి పాఠం: దాచుకోవద్దు, కాల్చేయండి.

అపొస్తలుల కార్యములు 19:18, 19 చూడండి. అప్పటికే విశ్వసించినవాళ్లలో చాలామంది వచ్చి, తాము చేసినవి బయటపెట్టి ఒప్పుకున్నారు. మంత్రవిద్య చేసినవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేశారు. వాటి ఖరీదు 50,000 వెండి రూకలు. ఒక రూక సుమారు ఒక రోజు కూలి అనుకుంటే, ఒక మనిషి 130 ఏళ్లకు పైగా పనిచేస్తే వచ్చే డబ్బు! అమ్ముకోవచ్చు కదా? అమ్మలేదు. ఎందుకంటే మనకు విషమైంది ఇంకొకరికి మందు అవ్వదు.

మనం ఏం చేస్తాం? యాప్ తీసేస్తాం, అకౌంట్ మాత్రం ఉంచుతాం. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాతదంతా ఒక్క నిమిషంలో తిరిగొస్తుంది. అశ్లీల వీడియోలు కావచ్చు, బెట్టింగ్ కావచ్చు, తప్పు అని తెలిసిన రిలేషన్‌షిప్ కావచ్చు. తిరిగి వెళ్లే దారిని కూడా మూసేయాలి.

రెండో పాఠం: తీసేసిన చోట ఖాళీ ఉంచొద్దు.

ఎఫెసీ 4:28లో పౌలు దొంగ గురించి రాశాడు. దొంగతనం మానేయమని చెప్పి ఆగలేదు. తన చేతులతో కష్టపడి పనిచేసి, అక్కరలో ఉన్నవాళ్లకు ఇవ్వమన్నాడు. అంటే తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యిగా మారాలి. అదే అధ్యాయంలో అబద్ధం స్థానంలో సత్యం, చెడ్డమాట స్థానంలో వినేవాళ్లకు మేలు చేసే మాట ఉండాలన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి సూటిగా అడుగుతా. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి, ప్రాక్సీ ఇంటర్వ్యూతో జాబ్ తెచ్చుకుని, ఆదివారం "దేవుడు ఉద్యోగం ఇచ్చాడు" అని సాక్ష్యం చెప్తే అది ఎవరికి మహిమ? నిజమైన రెజ్యూమెతో ఆరు నెలలు ఆలస్యంగా జాబ్ రావచ్చు. ఆ ఆరు నెలలు కూడా పరిశుద్ధ జీవితంలో భాగమే ఫ్రెండ్స్.

మూడో పాఠం: ప్రేమ చల్లారిపోకూడదు.

ప్రకటన 2వ అధ్యాయంలో ప్రభువు ఇదే ఎఫెసు సంఘంతో మాట్లాడాడు. వాళ్ల కష్టాన్ని, ఓర్పును మెచ్చుకున్నాడు. కానీ మొదట ఉన్న ప్రేమను వదిలేశారని గద్దించాడు. రూల్స్ అన్నీ పాటిస్తూ, పక్కవాణ్ణి చిన్నచూపు చూస్తుంటే అది పరిశుద్ధత కాదు, పొగరు.

మరి పడిపోతే? 1 యోహాను 1:9 విశ్వాసులకే రాసిన మాట. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు, శుద్ధి చేస్తాడు. పడ్డ రోజే ప్రార్థనకు రండి, వారం ఆగొద్దు. "నేను రక్షించబడ్డానా" అని నలిగిపోతున్న తమ్ముడూ, చెల్లీ, పాపం నిన్ను బాధపెడుతోందంటే పరిశుద్ధాత్మ నిన్ను వదిలేయలేదని గుర్తుపెట్టుకో.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు కాల్చాల్సిన "పుస్తకం" ఏదో పేరు పెట్టి ప్రార్థనలో చెప్పండి. మీరు నమ్మే ఒక విశ్వాసికి కూడా చెప్పండి. ఆ టైమ్‌లో బదులుగా ఏం చేస్తారో నిర్ణయించుకోండి.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు గాడ్ బ్లెస్ యూ!