అవ్వ ఇంటికి అన్నం

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊళ్లో వంటలు అయిపోయాయి. అందరూ తిన్నారు. వీధి చివరి ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

ఆ ఇంట్లో ఒక ముసలవ్వ ఒక్కతే ఉంటుంది. కొడుకు, కోడలు పనికి పూణె పోయారు. డబ్బాలో బియ్యం ఉన్నాయి. పింఛను పైసలు కొంగున ముడేసి ఉన్నాయి. అయినా అవ్వ తినలేదు. ఎందుకు?

మోకాళ్లు పట్టేశాయి. బిందె ఎత్తలేదు. పొయ్యి వెలిగిద్దామంటే చేతులు వణుకుతాయి. "ఒక్కదానికి ఏం వండుకోను?" అనుకుంది. నీళ్లు తాగి పడుకుంది.

ఇలాంటి ఇల్లు ఒక్క ఊళ్లోనే లేదు. చాలా ఊళ్లలో ఉంది.

పిల్లలు ఎటు పోయారు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలు అయ్యాయి. అంతకు ముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. పాలమూరు అంటే అదే.

పాలమూరు అంటే వలస గుర్తుకొస్తుంది. వానలు లేక, పని లేక జనం ఊరు విడిచారు. గుంపు మేస్త్రీ వెంట పోయారు. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయి. హైదరాబాదు, ముంబై, పూణె, బెంగళూరు పోయి మేడలు కట్టారు.

జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లు వచ్చాక వలస తగ్గింది. కానీ ఆగలేదు. చదువుకున్న పిల్లలు కూడా కొలువుల కోసం పట్నం పోతున్నారు. వయసులో ఉన్నవాళ్లు పోతారు. ముసలివాళ్లు ఇంటికి కావలి ఉంటారు.

బియ్యం వేరు, బువ్వ వేరు

ముసలివాళ్లకు సర్కారు సాయం ఉంది. ఆసరా పింఛను 2014 నవంబరు 8న మొదలైంది. అప్పటి పాలమూరు జిల్లాలోని కొత్తూరులోనే దాన్ని మొదలుపెట్టారు. అంతకు ముందు 200 రూపాయలు ఉన్న పింఛను 1000 అయింది. 2019 జూన్ నుంచి 2016 రూపాయలు అయింది. రేషను కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు.

ఇవి చాలా అవసరం. కానీ బియ్యం వాటంతట అవే ఉడకవు. నీళ్లు తేవాలి. కూర తరగాలి. పొయ్యి దగ్గర నిలబడాలి. శరీరం సహకరించని మనిషికి బియ్యం ఉన్నా ఆకలి తప్పదు.

అంటే, కావలసింది వండిన బువ్వ. అది ఇంటి గడప దాకా రావాలి. తెచ్చే మనిషి కూడా కావాలి.

ఇతర చోట్ల ఏం చేశారు?

ఇంగ్లండులో ఒక పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. 1943లో హెమెల్ హెంప్‌స్టెడ్ అనే ఊళ్లో ఆడవాళ్లు ఒక పని మొదలుపెట్టారు. ముసలివాళ్ల ఇళ్లకు వేడి అన్నం మోసుకుపోయారు. వాళ్ల దగ్గర బండ్లు లేవు. పసిపిల్లలను కూర్చోబెట్టి తోసే పాత బండ్లలో గిన్నెలు పెట్టారు. వేడి చల్లారకుండా చుట్టూ గడ్డి కప్పారు. పైసలు తీసుకోకుండా చేశారు. ఆ పని ఆ తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

హైదరాబాదులో 2014 మార్చిలో 5 రూపాయల అన్నపూర్ణ భోజనం మొదలైంది. కానీ ఆ కేంద్రం దాకా నడవలేనివాళ్ల సంగతి ఏమిటి? వాళ్ల కోసం 2020 మార్చిలో ఆటోల్లో అన్నం పంపడం మొదలుపెట్టారు. ముసలివాళ్లకు, వికలాంగులకు ఇంటి దగ్గరే ఇచ్చారు.

అదే నెలలో కరోనా వచ్చి దేశం అంతా మూతపడింది. కేరళలో కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల వాళ్లు పంచాయతీలతో కలిసి వంటశాలలు నడిపారు. ఒక భోజనం 20 రూపాయలు. ఇంటికి తెచ్చిస్తే 25 రూపాయలు. దిక్కులేనివాళ్లకు ఉచితం. వాళ్లూ పొదుపు సంఘం ఆడవాళ్లే.

పది మంది చాలు

ఊళ్లో పొదుపు సంఘం ఉంది. సంఘంలో పది మందికి తక్కువ కాకుండా ఉంటారు. ఆ వాడలో వండుకోలేని ముసలివాళ్లు ఇద్దరు ఉన్నారనుకోండి. రోజుకు ఒకరు వంతు వేసుకోవచ్చు. అప్పుడు ఒక్కొక్కరి వంతు పది రోజులకు ఒకసారి వస్తుంది. ఆ రోజు ఇంట్లో వండే వంటలోనే ఇంకో ఇద్దరికి వండితే సరిపోతుంది.

బియ్యం ఎక్కడివి? వంట చేసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టాలి. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు. పది ఇళ్ల పిడికెళ్లు కలిస్తే అర కిలో. ఇద్దరు ముసలివాళ్లు రెండు పూటలా తినడానికి అది చాలు. ఇచ్చే స్తోమత ఉన్న ముసలివాళ్లు తమ రేషను బియ్యంలో కొంత ఇవ్వొచ్చు. అప్పుడు, ఊరికే తింటున్నామనే బాధ వాళ్లకు ఉండదు.

వంతుల పట్టీ రాసి గోడకు అంటించాలి. కొత్తగా చదువు నేర్చినవాళ్లకు ఇది మంచి పని. ఏ రోజు ఎవరు వండాలి, ఎవరు గిన్నె తీసుకుపోవాలి అన్నీ అందులో రాయాలి. వంతు ఉన్నవాళ్లు ఊరికి పోతే ముందు రోజే మరొకరికి చెప్పాలి. ఒక్క రోజు తప్పినా అవతల ఒక మనిషి పస్తు ఉంటుంది.

గిన్నెలో ఏం పెట్టాలి?

పళ్లు లేనివాళ్లకు అన్నం మెత్తగా ఉండాలి. జొన్నరొట్టె అయితే పప్పులోనో పాలలోనో నానబెట్టాలి. పప్పు, ఆకుకూర, పెరుగు, ఉడికించిన గుడ్డు మంచివి. రాగి అంబలి తాగడానికి తేలిక. కారం, ఉప్పు తగ్గించాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు డాక్టరు ఏ పథ్యం చెప్పాడో అడిగి తెలుసుకోవాలి.

చేతులు కడుక్కుని వండాలి. మూత ఉన్న గిన్నెలో పెట్టాలి. వేడి మీదే తీసుకుపోవాలి. తినేటప్పుడు లేపి కూర్చోబెట్టాలి. పడుకుని తింటే గొంతుకు అడ్డం పడుతుంది.

ముసలితనంలో దాహం సరిగా తెలియదు. పాలమూరు ఎండల్లో అది ప్రమాదం. అందుకే గిన్నె ఇచ్చి వచ్చేటప్పుడు మంచం పక్కన చెంబులో నీళ్లు నింపి పెట్టాలి.

తిరిగొచ్చిన గిన్నె ఒక మాట చెబుతుంది

గిన్నె తీసుకునేటప్పుడు మూత తీసి చూడాలి. అన్నం సగం మిగిలిందా? "ఏమైందవ్వా?" అని అడగాలి. పన్ను నొప్పా? జ్వరమా? కొడుకు ఫోన్ చేయలేదని దిగులా? వరుసగా రెండు రోజులు మిగిలితే ఆశా కార్యకర్తకు చెప్పాలి.

షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోతే చాలా ప్రమాదం. చెమటలు పడతాయి. వణుకు వస్తుంది. కళ్లు తిరిగి పడిపోతారు. తలుపు కొట్టినా పలకకపోతే ఆలస్యం చేయకూడదు. పక్కింటివాళ్లను పిలవాలి. 108కు ఫోన్ చేయాలి.

రోజూ ఒక మనిషి తలుపు కొడితే ఇవన్నీ వెంటనే తెలుస్తాయి. ఎవరూ రాకపోతే మూడో రోజుకో నాలుగో రోజుకో తెలుస్తాయి. అప్పటికి ఆలస్యం అయిపోతుంది. అవ్వకు అన్నం ఎంత అవసరమో, "తిన్నావా అవ్వా?" అని అడిగే మనిషి కూడా అంతే అవసరం.

రెండు చిక్కు ప్రశ్నలు

"ఎవరి చేతి అన్నం? ఏ కులం?" అని కొందరు అడుగుతారు. కొందరు ఫలానా వాడకు గిన్నె తీసుకుపోము అంటారు. దవాఖానలో సూది వేసే చెయ్యి ఏ కులమో ఎవరూ అడగరు. ఆకలికి కులం లేదు. వంతుల పట్టీలో అన్ని వాడల ఆడవాళ్లూ ఉండాలి. గిన్నె అన్ని వాడలకూ పోవాలి. ఈ మాట మొదటి రోజే సంఘంలో తేల్చుకోవాలి.

"ఊరు అన్నం పెడితే కొడుకులు పట్టించుకోరు కదా?" ఇది కూడా న్యాయమైన ప్రశ్నే. ఊరు అన్నం పెట్టినంత మాత్రాన కొడుకుల, కూతుళ్ల బాధ్యత పోదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టొచ్చు. నెలకు ఇంత ఇవ్వాలని అక్కడ తీర్పు ఇస్తారు. వృద్ధుల సహాయం కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది. దానికి పైసలు పడవు. కానీ కాగితం కదిలేదాకా కడుపు ఆగదు. ముందు అన్నం పెట్టాలి. తర్వాత కొడుకును అడగాలి.

వీధి చివరి ఇంటి తలుపు రేపు ఎవరు కొడతారు? "అవ్వా, అన్నం తెచ్చిన" అనే మాట వినబడితే ఆ అవ్వ లేచి కూర్చుంటుంది. "నాకెందుకు బిడ్డా ఇంత కష్టం?" అంటుంది. అంటూనే గిన్నె అందుకుంటుంది. ఈ రోజు వండిన చెయ్యి కూడా ఒకనాడు వణుకుతుంది. ఆ రోజు ఆ ఇంటికి కూడా ఒక గిన్నె రావాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వాడలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఎంత మంది? వాళ్ల పేర్లు రాయండి.
2. వాళ్లలో వండుకోలేనివాళ్లు ఎవరు? నిన్న వాళ్లు ఏం తిన్నారో కనుక్కోండి.
3. మీ సంఘంలో ఎంత మంది ఉన్నారు? ఒక్కొక్కరి వంతు ఎన్ని రోజులకు వస్తుంది? లెక్క వేయండి.
4. వంతుల పట్టీ రాయండి. మొదటి పేరు మీదే రాయండి.