480 మంది నిలబడితే ఓటు ఎవరికి?

నల్లగొండ: ఎన్నికలొచ్చాయంటే రచ్చబండ మీదా, టీ కొట్టు ముందూ ఒకటే ప్రశ్న: ‘ఏమన్నా, ఈసారి ఎటు?’ ఓటరు నవ్వి ఊరుకుంటాడు. ఎవరు కండువా కప్పినా కప్పించుకుంటాడు. ఎవరు దండం పెట్టినా ఎదురు దండం పెడతాడు. మనసులో మాట మాత్రం పెట్టె తెరిచిన నాడే బయటపడుతుంది. ఆ మాట ఎలా తయారవుతుందో తెలియాలంటే 1996 నాటి నల్లగొండ లోక్‌సభ ఎన్నికను గుర్తు చేసుకోవాలి.

నీళ్ల కోసం నామినేషన్లు

ఆ ఎన్నికలో ఈ ఒక్క స్థానానికి 480 మంది పోటీపడ్డారు. వారిలో ఎక్కువ మందికి గెలవాలన్న ఆశ లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు తిరిగి, నడుములు వంగిన బతుకుల గోడు ఢిల్లీకి వినిపించాలన్నదే వారి పట్టుదల. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పేనంటారు. ఇక్కడి బోరింగుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది. నాగార్జునసాగర్ వంటి మహా జలాశయం జిల్లాలోనే ఉన్నా గుక్కెడు మంచినీళ్లు దొరకని దుస్థితి. దీపం కిందే చీకటి అంటే ఇదే.

అర్జీలు, ధర్నాలతో పని కాకపోవడంతో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి నామినేషన్లనే ఆయుధంగా ఎంచుకుంది. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. జనం బారులు తీరి పత్రాలు దాఖలు చేశారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది.

అయినా ఓటరు తికమకపడలేదు

అన్ని పేర్ల మధ్య కూడా ఓటరు తనకు తెలిసిన గుర్తునే వెతికి పట్టుకున్నాడు. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి డిపాజిట్లు దక్కలేదు. నీళ్ల కోసం నిలబడినవారిని జనం కాదన్నారనుకుంటే పొరపాటే. గోడు చెప్పుకోవడానికి ఒక దారి, సభకు పంపడానికి ఒక మనిషి అని ఓటరు రెండింటినీ వేరు చేసి చూశాడు.

ఆ దెబ్బతో 1996లోనే చట్టం మారింది. డిపాజిట్ 10 వేలయింది. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. పేదవాడి నామినేషన్‌కు అడ్డుకట్ట ముందు పడింది, నీళ్లు తర్వాత వచ్చాయి. కృష్ణా జలాలు క్రమంగా ఊళ్లకు చేరాయి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌కు చౌటుప్పల్‌లోనే పునాది పడింది. నీళ్లు మారాయి గానీ, అప్పటికే వంగిన నడుములు మాత్రం నిటారు కాలేదు.

పసుపు రైతుల బాట

2019లో నిజామాబాద్ పసుపు, జొన్న రైతులు ఇదే బాట పట్టారు. లోక్‌సభ బరిలో 185 మంది మిగిలారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ చేతిలో సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బోర్డుపై కేంద్రం నోటిఫికేషన్ 2023లో వెలువడింది. 2025లో నిజామాబాద్‌లో బోర్డు ప్రారంభమైంది. రాతపూర్వకంగా ఇచ్చిన మాటకు కూడా ఇన్నేళ్లు ఆగాల్సి రావడం గమనార్హం.

ఇంటింటి లెక్క

ఊళ్లో ఓటు తూకానికి రాళ్లు చాలానే ఉంటాయి. కులం ఒకటి, పార్టీ గుర్తు మీద అభిమానం ఒకటి. చావుకూ పెళ్లికీ వచ్చే మనిషా కాదా అన్నది మరొకటి. పింఛను, రేషన్ బియ్యం, రోడ్డు, తాగునీరు సరే సరి. కొన్ని ఇళ్లలో ఇంటి పెద్ద చెప్పిన చోటే నాలుగు ఓట్లూ పడతాయి. కొన్నిచోట్ల అత్త ఒక గుర్తుకు, కోడలు మరో గుర్తుకు వేసి ఏమీ ఎరగనట్టు కలిసి ఇంటికొస్తారు.

చివరి రాత్రి నోటు ఉండనే ఉంది. ఒకనాడు నీళ్ల కోసం కొట్లాడిన మునుగోడు గడ్డ 2022 ఉప ఎన్నిక నాటికి డబ్బు ప్రవాహం ఆరోపణలతో పత్రికలకెక్కింది. ఓటుకు డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. ఏడాది వరకు జైలు పడవచ్చు. అయితే నోటు తీసుకున్న చేయి ఏ మీట నొక్కిందో ఎవరూ చూడలేరన్నది కూడా అంతే నిజం. ఓటు రహస్యం.

అభ్యర్థి ఎవరో తెలుసుకునే దారులు ఇప్పుడు పెరిగాయి. కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో అభ్యర్థి ప్రమాణపత్రం ఇవ్వాలి. దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి ‘నోటా’ మీట ఉంది. కాకపోతే దానికి ఎన్ని ఓట్లు పడినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు.

ఊళ్లోకి జీపు వచ్చి మైకు మోగినప్పుడు ఓటరు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: గత అయిదేళ్లలో ఏం చేశావు? చేయకపోతే ఎక్కడ దొరుకుతావు? 480 మంది నామినేషన్లు వేసి అడిగింది కూడా ఇదే. ఒక్క రాత్రి నోటుకు ఆ ప్రశ్నలు అమ్ముకుంటే అయిదేళ్లు అడిగే నోరు ఉండదు.