అభ్యాసంతోనే ఆత్మవిశ్వాసం - వరంగల్ విద్యార్థుల ఉద్యోగ సంసిద్ధత

వరంగల్: పట్టా చేతికందిన విద్యార్థి మౌఖిక పరీక్షలో పేరు, ఊరు చెప్పిన తరువాత తడబడటం జిల్లా కళాశాలల అధ్యాపకులకు కొత్త విషయమేమీ కాదు. దీనిని విషయ పరిజ్ఞాన లోపంగా భావించడం సరికాదు. పరీక్షలలో ఉత్తమ మార్కులు సాధించినవారు సైతం బృంద చర్చలో నోరు విప్పలేకపోతున్నారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రంగా మొదలై 1976లో స్వతంత్ర ప్రతిపత్తి పొందిన కాకతీయ విశ్వవిద్యాలయంలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల నుండి వచ్చి చదివేవారు అనేకులు. వీరిలో తమ కుటుంబం నుండి కళాశాల గడప తొక్కిన మొదటి తరం వారున్నారు, తెలుగు మాధ్యమంలో చదివినవారున్నారు. ఇదే నగరంలో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా నెలకొని, 2002లో జాతీయ సాంకేతిక విద్యా సంస్థగా మారిన నిట్‌కు కంపెనీలే ఎంపికల కోసం తరలివస్తాయి. సాధారణ డిగ్రీ విద్యార్థి మాత్రం కంపెనీని తానే వెదుక్కుంటూ వెళ్లవలసి ఉంటుంది. ఆ తొలి అడుగుకే ధైర్యం కావాలి.

ఈ సమస్య దేశవ్యాప్తమైనదే. విదేశీ సంస్థలకు సేవలందించే ఐటీ, బీపీఓ ఉద్యోగాలకు ఇంజనీరింగ్ పట్టభద్రులలో సుమారు 25 శాతం, సాధారణ పట్టభద్రులలో 10 నుండి 15 శాతం మాత్రమే తగినవారని 2005లో నాస్కామ్-మెకిన్సే నివేదిక అంచనా వేసింది. ఆ దశకంలోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కళాశాలలలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లను నెలకొల్పింది. తెలంగాణ ఏర్పడిన 2014లో నైపుణ్య శిక్షణ నిమిత్తం 'టాస్క్' సంస్థ ఏర్పాటైంది.

శిక్షణ అనగానే వక్తలను పిలిపించి ప్రేరణాత్మక ఉపన్యాసాలు ఇప్పించడం పరిపాటిగా మారింది. చప్పట్లకు కొదవ ఉండదు గాని, మరునాటికి మిగిలేది స్వల్పమే. ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం ఎలా కలుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో విశదీకరించారు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనవంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శారీరక, మానసిక స్థితిని తాను అర్థం చేసుకునే తీరు అని నాలుగు ఆధారాలు పేర్కొంటూ, వాటిలో మొదటిదే బలమైనదన్నారు. ఉపన్యాసం మూడవ కోవకు చెందుతుంది.

కనుక మొదటి సంవత్సరం నుండే ప్రతి విద్యార్థి తరగతి ఎదుట ఐదు నిమిషాలు మాట్లాడే ఏర్పాటు ఉపయుక్తం. ప్రారంభం తెలుగులోనే కావచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర ఎలా నిర్ణయమవుతుందో రైతు బిడ్డ అయిన కామర్స్ విద్యార్థి తడుముకోకుండా వివరించగలడు. అదే విషయాన్ని నెల తరువాత ఆంగ్లంలో చెప్పించినప్పుడు అతడు వెదకవలసినది పదాలనే, భావం ముందే సిద్ధంగా ఉంటుంది. నమూనా ఇంటర్వ్యూలు నిర్వహించేటప్పుడు అదే కళాశాలలో చదివి ఉద్యోగం పొందినవారిని పిలవడం మరింత మేలు.

2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలలో మౌఖిక పరీక్షను రాష్ట్ర ప్రభుత్వం తొలగించడంతో ఈ అభ్యాసం అనవసరమని కొందరు అభ్యర్థులు తలుస్తున్నారు. కాని ప్రైవేటు రంగంలో ఇంటర్వ్యూ తప్పనిసరి. మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు ప్రారంభమైన పిదప అటువంటి అవకాశం నగరం చెంతకే వచ్చింది.

కళాశాలలు ప్రకటించే నియామకాల సంఖ్యను పరిశీలించే పాత్రికేయులు, అధికారులు మరొక లెక్కను కూడా అడగవలసి ఉంది: అర్హత ఉండీ ఇంటర్వ్యూకు పేరు నమోదు చేసుకోనివారు ఎందరు?