ఆటయిటుకలతో కోటగోడ



నేను మర్రిపాటివాడను. మా వైపు వారికి ఉదయగిరి దుర్గము చిన్ననాటినుండి తెలిసిన పేరు. పెండ్లికో పేరంటమునకో ఆ యూరికి పోయి, తలయెత్తి ఆ కొండను చూడనివారు మాలో అరుదు. చూచుటయే గాని, ఆ గోడల నట్లేల కట్టిరో ఆలోచించినవారము కాము. అరువదియేండ్లు దాటిన పిదప నాకా విద్యను నేర్పినవాడు మా మనుమడు. మాకు పనిముట్టు అగ్గిపెట్టె. ఆ ముచ్చటయే నేటి ప్రసంగము.

వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు ఒక పెట్టెడు ప్లాస్టిక్కు ఇటుకలు తెచ్చిరి. అవి ఒకదానిపై నొకటి బిగిసి కూర్చుండును. ఇట్టి ఇటుకలు 1958లో డెన్మార్కు దేశమున నేటి రూపమును పొందినవి. అంతకు పూర్వమే, 1880 ప్రాంతమున, జర్మనీవారు ఇసుకను సుద్దపొడిని అవిసెనూనెతో కలిపి అచ్చుపోసి పిల్లలకు రాతిదిమ్మెలు చేసి యిచ్చిరి. మన బిడ్డలు కట్టు బొమ్మరిండ్లును ఇసుకగుళ్లును వీనికి తోబుట్టువులే. ఏ దేశపు బిడ్డకైనను కట్టుటయు కూల్చుటయు పుట్టుకతో వచ్చిన విద్యలు.

పాతకాలపు పట్టణపుకోటను కట్టవలెనని పిల్లల కోరిక. ప్లాస్టిక్కు ఇటుకలు చాలవయ్యెను. అంతేగాక, తమంతట తామే బిగిసికొను ఇటుకలు తాపీవాని కష్టమును దాచివేయును. కావున మట్టియిటుకలే చేయ నిశ్చయించితిమి. చెరువునుండి రెండు గంపల ఒండ్రుమట్టి తెచ్చి, ఊక కలిపి, ఒక రాత్రి నాననిచ్చి త్రొక్కితిమి. అడుగు తీసివేసిన అగ్గిపెట్టె సొరుగే అచ్చు. అయితే ఇటుక వెడల్పు నిడివిలో సగముండవలెను. అట్లున్ననే పొడవునను అడ్డమునను కలిపి పేర్చుటకు వీలగును. సొరుగు అంతకంటె వెడల్పుగా నున్నందున, ఒక ప్రక్కను చెక్కబద్ద నిలిపితిమి. ఇటుక ఇంచుమించు రెండంగుళముల నిడివి, ఒక యంగుళము వెడల్పు, అర యంగుళము మందము వచ్చినది. ఎండలో పెట్టిన మొదటి విడత యంతయు నెఱియలు వాసెను. పిమ్మట నీడలోనే ఆరబెట్టితిమి.

పిల్లలు మొదట ఇటుకపై నిటుకను సరిగా నిలిపి, సందుపై సందు పడునట్లు కట్టిరి. చూపున కందముగానే యుండెను. వ్రేలితో నొకచోట నొత్తగానే ఆ వరుస యొక్కటి విడివడి కూలెను. రెండవమారు పై యిటుక క్రింది రెండిటుకల సందుపై కూర్చుండునట్లు పేర్చిరి. ఈసారి ఒత్తిన బరువును ఒక్క యిటుకయే మోయక ఇరుగుపొరుగులకు పంచియిచ్చెను, గోడ నిలిచెను.

కాని కోటగోడ యింటిగోడ వంటిది కాదు. వెలుపల నొక ముఖము, లోపల నొక ముఖము కట్టి, నడుమ రాళ్లతోను మట్టితోను నింపుదురు. అట్లే చేసితిమి. మరునాడు వాన వచ్చినట్లుగా పిల్లలు పైనుండి చెంబెడు నీళ్లు పోసిరి. నానిన మట్టి ఉబ్బి వెలుపలి ముఖమును త్రోయగా గోడకు కడుపు వచ్చి కూలెను. దీనికి విరుగుడేమి? నడుమ నడుమ నిడుపైన ఇటుకను అడ్డముగా లోపలికి చొప్పించి రెండు ముఖములను ముడివేయవలెను. రాతిగోడయందు ఈ పని చేయునది అడ్డరాయి. వెలుపల నిలిచి చూచువారికి దాని చిన్న ముఖమే కనబడును. దేహమంతయు గోడ గర్భమున నుండును. గోడ అడుగున వెడల్పుగా నుండి పైకి పోనుపోను సన్నగిల్లవలె ననుటయు అప్పుడే తెలిసినది.

ఇక ఏ పట్టణపుకోటను కట్టవలెను? తెలుగునాట దీనికి ఓరుగల్లును మించిన యొజ్జబంతి లేదు. కాకతి గణపతిదేవుని కాలమున ఆరంభమై, రుద్రమదేవి కాలమున పెరిగిన ఆ రాతికోట సుమారు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలతగల వలయము. దానికి 45 బురుజులు. లెక్క వేసితిమి: చుట్టుకొలత ఇంచుమించు 3.8 కిలోమీటర్లు, అనగా సగటున 84 మీటర్లకు ఒక బురుజు. గోడ మొదటికి చేరిన శత్రువు పైనున్నవానికి కనబడడు. తొంగి చూచినచో వానికే బాణము తగులును. ముందుకు పొడుచుకొని వచ్చిన బురుజునుండి యైతే ప్రక్కవాటుగా కొట్టవచ్చును. కావున రెండు బురుజుల నడిమి గోడ యంతయు ఆ రెండిటి బాణములకు అందవలెను. బురుజు అలంకారము కాదని పిల్లలకు బోధపడెను. పది యడుగుల కొక యంగుళము చొప్పున కట్టినను ఆ వలయమునకు 33 అడుగుల అడ్డుకొలత కావలెను. మా వాకిట అంత చోటు లేదు. కావున ఒక ద్వారమును రెండు బురుజులను మాత్రమే కట్టితిమి.

రాతికోట కావల, సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట యొకటి కలదు. మట్టి యేల యని మనుమ డడిగెను. ఇటుకగోడపైకి గోలీలు విసరుమంటిని. నాలుగవ దెబ్బకు పైవరుస లెగిరిపోయెను. తడిమట్టి కట్టపై విసరుమంటిని. గోలీ మట్టిలో దిగబడెను గాని కట్ట కదలలేదు. 1310లో ఓరుగల్లును ముట్టడించిన ఢిల్లీ సేనల వృత్తాంతమును వ్రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టికోట గట్టితనమును పొగడినాడు.

ద్వారమును మొదట తిన్నగా పెట్టిరి. కొండపల్లి యేనుగుబొమ్మను వడిగా త్రోయగా తలుపు విరిగెను. అప్పుడు ద్వారము ముందర మరియొక గోడ కట్టి, దారి రెండు మారులు మలుపు తిరుగునట్లు చేసితిమి. మలుపున ఏనుగునకు పరుగు చిక్కదు. తిరుగునప్పుడు దాని ప్రక్క గోడమీదివారికి అప్పగింతయగును. ఓరుగల్లు ద్వారముల ముందరి వంకరదారుల మర్మ మిదియే.

అంతటి ఓరుగల్లును 1323లో పగవారి వశమయ్యెను. ఉదయగిరి సంగతియు నట్టిదే. అది 3,000 అడుగులకు పైబడిన కొండ. అక్కడ కొండయే గోడ. నిట్టనిలువు చరియ లున్నచోట గోడతో పనిలేదు; ఎక్కుటకు వీలున్న కనుమల నడ్డగించి కట్టిన చాలును. 1513లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోనున్న ఆ దుర్గమును ముట్టడించెను. ఒక్కొక్క మనిషి మాత్రమే నడువదగిన ఇరుకుబాట యుండగా, రాయలు బండలు పగులగొట్టించి వెడల్పుబాటలు వేయించెననియు, ముట్టడి యేడాదిన్నర సాగెననియు పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసినాడు. దుర్గము 1514లో లొంగెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు గొనిపోయి, ఆలయము కట్టించి, 1515లో శాసనము వేయించెను. దుర్గమును తిండికి మాడ్చి లొంగదీయుట తప్ప వేరు దారి లేదని ఆ నూనిజే చెప్పుచున్నాడు. గోడ గొప్పతనము గాదెలోని గింజలతోను కోనేటి నీటితోను సరి యని పిల్లలకు చెప్పితిని.

ఇంతవరకు నేను చెప్పితిని, వారు వినిరి. ఒక సాయంకాలము మనుమడు పశువుల కొట్టమునుండి పరుగెత్తి వచ్చి, "తాతా! మన కొట్టం గడపకాడ గూడ అడ్డరాయే ఉండాది గదా! ఒక కొనే చెక్కుండాది. అది యాడిది?" అని యడిగెను.

నేను పోయి చూచితిని. పుట్టినది మొదలు ఆ రాతిని దాటుచున్నాను. నిడుపైన రాయి, ఒక కొన నునుపు, తక్కినదంతయు మొరటు. మా తాతగారి కాలమున ఉదయగిరి నుండి బండిమీద వచ్చిన రాళ్లలో నది యొకటి యని చిన్నప్పుడు వినియుంటిని. ఆ మాట నేనెవరికిని చెప్పలేదు, చెప్పదగినదని తోచలేదు.

జవాబునకు బదులు, మా యాటకోటలో నొక అడ్డయిటుకను లాగుమంటిని. లాగెను. వెంటనే ఏమియు కాలేదు. ఒక చెంబు నీళ్లు పోయుమంటిని. గోడ కడుపు వచ్చి, బురుజుతోకూడ కూలెను. వాడు నా ముఖము చూచెను. "అవునురా, అది అచ్చటిదే" యంటిని.

మా పెద్దలు దొంగలు కారు. కూలియున్న రాయి ఎవరిదియు కాదనుకొనిరి. కాని గోడనుండి రాయి తొలగినచో ఒక రాయియే కాదు, దాని నమ్ముకొనిన వరుసయు వానకు లోనగును. రాయలు తాను తెచ్చిన విగ్రహమునకు శాసనము వేయించెను. మేము తెచ్చిన రాతికి నోటిమాటయైన మిగులలేదు. నాతోనే పోవలసినదై యుండెను.

పెద్దలారా! ఇట్టి రాయి మీ గడపలోను బావిగట్టులోను ఉండవచ్చును. అది యెచ్చటిదో, ఎవరు తెచ్చిరో తెలిసినంతవరకు పిల్లలకు చెప్పుడు. ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. ఇంకను కొండమీద నిలిచియున్న వానిని కదలింపనీయకుడు. మా గడపరాతి సంగతిని మనుమడే తన నోటుపుస్తకమున వ్రాసికొనినాడు. మాటలు నేను చెప్పితిని.