తుపానును కనిపెట్టు రాడార్

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సుమారు పదివేలమంది ప్రాణములను బలిగొన్నది. అట్టి విపత్తు రాకను ముందుగా తెలిసికొనుటకు నేడు తోడ్పడుచున్న సాధనములలో రాడార్ ముఖ్యమైనది. దాని శక్తిని, పరిమితులను పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరము. ఏలయన, హెచ్చరిక తుదకు చేరవలసినది గ్రామమునకే.

బావిలోనికి వంగి కేకవేసినచో ఆ కేక మరల మనకే వినవచ్చును. రాడార్ చేయు పనియు ఇట్టిదే. అది రేడియో తరంగములను ఆకాశములోనికి పంపును. వానచినుకులకు తగిలి వానిలో కొంత భాగము వెనుకకు మరలును. ఈ తరంగముల వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. పంపిన తరంగము సెకనులో 500వ వంతు కాలమునకు తిరిగివచ్చినచో, వాన 300 కిలోమీటర్ల దూరమున నున్నదని లెక్క.

మన దేశమున తుపానులను కనిపెట్టుటకై తొలి రాడార్‌ను 1970లో విశాఖపట్టణమున నెలకొల్పిరి. నాటి రాడార్లు వాన ఎచ్చట, ఎంత తీవ్రముగా నున్నదో మాత్రమే చూపెడివి. తరువాత డాప్లర్ రాడార్లు వచ్చినవి. ఎదురుగా వచ్చు రైలు కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోయిన పిదప తగ్గుస్థాయిలోను వినబడును గదా! మరలివచ్చిన తరంగములో ఇట్టి భేదమును కొలిచి, మేఘములోని గాలివేగమును ఇవి లెక్కకట్టును. ఇట్టి రాడార్లు చెన్నైలో 2002లోను, మచిలీపట్టణమున 2004లోను, విశాఖపట్టణమున 2006లోను ఏర్పడినవి. ఇటీవలి రాడార్లు తరంగములను అడ్డముగను, నిలువుగను పంపును. పెద్ద చినుకులు పడునపుడు అడ్డముగా చదునగును; వడగండ్లు అట్లు కావు. కావున ఈ రెంటిని వేరుగా గుర్తింపవచ్చును.

అయినను రాడార్ సర్వమును చూడజాలదు. భూమి గుండ్రముగా నున్నందున, దూరము పెరిగినకొలది తరంగము మేఘముల పైభాగమునే తాకును. కావున దూరసముద్రముపై నున్న తుపానుకు ఉపగ్రహములే ఆధారము. ఉప్పెన ఎంత ఎత్తున లేచునో రాడార్ నేరుగా చూపదు. దానిని వేరుగా లెక్కకట్టవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణములోని రాడారే దెబ్బతిన్నది.

తుపాను మధ్యభాగమును కన్ను అందురు. అది రాడార్ తెరపై వానవలయము నడుమ ఖాళీగా కనబడును. ఆ కన్ను గ్రామముపైకి వచ్చినపుడు గాలి నిలిచిపోవును. గండము గడచినదని తలచి ఎవ్వరును వెలుపలికి రారాదు. కొంతసేపటికి గాలి ఎదుటిదిక్కునుండి మరల విజృంభించును.

తుపాను 300 కిలోమీటర్ల దూరమున నుండి, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున వచ్చుచున్నచో మనకు దొరకు వ్యవధి 20 గంటలు. గాలివానలు అంతకు ముందే మొదలగును గనుక పనికివచ్చు సమయము ఇంకను తక్కువ. ఆ గంటలలో వృద్ధులను, గర్భిణులను, పసిపిల్లలను ముందుగా తరలింపవలెను. ఆశ్రయభవనపు తాళము ఎవరివద్ద నున్నది? ఒంటరివారి ఇండ్లు ఎవ్వి? దండోరా వేయువారెవరు? ఈ మూడింటికి సమాధానములను తుపాను కాలమునకు ముందే పంచాయతీ సమావేశమున నిర్ణయించి వ్రాసి యుంచుకొనవలెను.