ఫుట్‌బాల్‌లోనూ అప్పు చేసి పప్పుకూడు!

ఓడిన జట్టు ఏడవడం మన గ్రౌండులో రోజూ చూస్తాం. మరి కప్పు గెలిచిన జట్టు రెండేళ్ళకే దివాలా తీసిందంటే నమ్ముతారా? ఇది కట్టుకథ కాదు, ఇంగ్లండులో నిజంగా జరిగింది.

ఇంగ్లండు దక్షిణాన సముద్రం ఒడ్డున పోర్ట్స్‌మత్ అనే ఊరుంది. ఆ ఊరి క్లబ్బు 2008లో ఎఫ్.ఎ. కప్పు గెలిచింది. ఫైనల్లో కార్డిఫ్ సిటీ మీద 1-0. గోలు కొట్టింది నైజీరియా ఆటగాడు కాను.

అంత పెద్ద ఆటగాళ్ళని ఆ చిన్న క్లబ్బు ఎలా తెచ్చింది? క్లబ్బుకి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది: టికెట్లు, టి.వి. హక్కులు, ప్రకటనలు. పోర్ట్స్‌మత్ స్టేడియంలో పట్టేది సుమారు 20 వేల మంది. మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియంలో 70 వేలకు పైగా పడతారు. ఆదాయం చిన్నది, జీతాలేమో పెద్ద క్లబ్బులతో పోటీ. తక్కువపడ్డ డబ్బుని యజమాని సొమ్ముతో, అప్పులతో సర్దారు. యజమాని ఇక పెట్టలేనని చెయ్యి వెనక్కి తీసుకోగానే అసలు సంగతి బయటపడింది.

2009లో డెఫో, క్రౌచ్, గ్లెన్ జాన్సన్ లాంటి మంచి ఆటగాళ్ళని అమ్మేశారు. అయినా జీతాలు టైముకి అందలేదు. ఆ ఒక్క సీజన్లోనే క్లబ్బు నలుగురు యజమానుల చేతులు మారింది. చివరికి 2010 ఫిబ్రవరిలో క్లబ్బుని 'అడ్మినిస్ట్రేషన్'లో పెట్టారు. అంటే అప్పు తీర్చలేని సంస్థ నిర్వహణని బయటి అధికారికి అప్పగించడం. ప్రీమియర్ లీగులో ఉండగా ఈ గతి పట్టిన మొదటి క్లబ్బు ఇదే. శిక్షగా 9 పాయింట్లు కోశారు. జట్టు పట్టికలో అడుగున నిలిచి కింది డివిజనుకి పడిపోయింది. ఆ 9 పాయింట్లు ఉన్నా గట్టెక్కేది కాదు. అప్పు సుమారు 12 కోట్ల పౌండ్లు!

మరి నష్టం ఎవరికి? అక్కడి లీగు నియమం ప్రకారం ఆటగాళ్ళ జీతాలు, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా కట్టాలి. మిగతావాళ్ళకి పౌండుకు 20 పెన్నీలే ఇస్తామని ఒప్పందం రాశారు. పౌండుకి 100 పెన్నీలు. మ్యాచ్‌ల దగ్గర దెబ్బ తగిలినవాళ్ళకి ప్రథమ చికిత్స చేసే స్వచ్ఛంద సంస్థకి కూడా క్లబ్బు సుమారు 2,700 పౌండ్లు బాకీ. లెక్క కట్టండి, 540 పౌండ్లు వస్తాయి! లక్షలు తీసుకున్న ఆటగాడికి మొత్తం, కట్టు కట్టినవాళ్ళకి ఐదో వంతు. ఇదేం న్యాయం?

2012లో క్లబ్బు మళ్ళీ అదే స్థితికొచ్చింది. 2013కల్లా నాలుగో డివిజనుకి దిగజారింది. అప్పుడు అభిమానులే ముందుకొచ్చారు. వాటా ఒక్కోటి 1,000 పౌండ్లు చొప్పున వేసుకుని క్లబ్బుని కొన్నారు. ఉన్నదాంట్లోనే నడిపారు. 2014లో పాత అప్పులన్నీ తీరిపోయాయని ప్రకటించారు. 2024లో జట్టు మళ్ళీ రెండో డివిజనుకి ఎక్కింది.

ఇలాంటివి చూశాకే నియమాలు బిగిశాయి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, సంపాదనకి మించి ఖర్చు చేయరాదని 2010లో నియమం పెట్టింది. ప్రీమియర్ లీగు మూడేళ్ళకి కలిపి నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదంది. అది దాటిన ఎవర్టన్ క్లబ్బుకి 2023లో 10 పాయింట్లు కోశారు. అప్పీలు చేసుకుంటే 6కి తగ్గించారు. 2025లో బ్రిటన్ పార్లమెంటు చట్టమే చేసింది. పై ఐదు డివిజన్ల క్లబ్బులకి లైసెన్సు ఉండాలి. కొనేవాడి డబ్బు ఎక్కడిదో, అతను తగినవాడో కాదో ముందే పరిశీలిస్తారు.

ఈ నియమాలు చిన్న క్లబ్బుల్ని ఎప్పటికీ చిన్నగానే ఉంచుతాయని కొందరంటారు. అందులోనూ కొంత నిజముంది. కానీ ఆటగాడు ఇంకో క్లబ్బుకి పోతాడు, యజమాని అమ్ముకుని పోతాడు. ఊరు ఎక్కడికి పోతుంది? కప్పు ఒక్కరోజు పండగ. అప్పు మాత్రం ఊరందరి మెడకీ చుట్టుకుంటుంది.

మిత్రులారా, ఈసారి ఎవరైనా గెలిచిన కప్పు చూపిస్తే చప్పట్లు కొట్టండి. తర్వాత ఒక్క మాట అడగండి: "లెక్కల పుస్తకం కూడా చూపిస్తారా?"

— 9వ తరగతి విద్యార్థి